నెగటివ్ నల్లబడింది కెమెరా వల్ల కాదు, ట్యాంకు నీళ్ల వల్ల

అన్నా, లాక్‌డౌన్‌లో మిద్దె మీదే తీసిన హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్‌ని ఇంట్లో కడిగితే నెగటివ్ అంతా నల్లగా వచ్చిందన్నారు. కెమెరాని అనుమానించకండి. మే నెలలో కర్నూల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి. నీళ్లు ఒకటికి ఒకటి కలిపిన డీ-76లో (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే డెవలపర్ మందు) 11 నిమిషాలు అనేది 20 డిగ్రీల లెక్క. నీళ్లు అంతకంటే వేడిగా ఉంటే మందు త్వరగా పనిచేసి, అదే టైముకి నెగటివ్ నల్లబడిపోతుంది. రాత్రే కుండలో నీళ్లు పోసి పెట్టుకోండి. మందు సీసాని బకెట్లో నిలబెట్టి చుట్టూ ఐస్ వేయండి, మందులో మాత్రం వేయొద్దు. 24కి దిగితే చాలు, అప్పుడు సుమారు 8 నిమిషాలు. హైపో (తేలిన బొమ్మని నిలిపే మందు), కడిగే నీళ్లు కూడా దాదాపు అంతే చల్లగా ఉండాలి, లేదంటే ఎమల్షన్ (ఫిల్మ్ మీది పూత) ముడతలు పడుతుంది. తులసికోట దగ్గర అమ్మని తీసిన రోల్ నేను అలాగే పోగొట్టుకున్నా. మీ నల్ల రోల్ పారేయకండి, స్కాన్ చేస్తే ఇంకా బొమ్మ రావచ్చు.