బెలూన్ అంటే భయం: పోగొట్టుకోవాలంటే ఏం చేయాలి?

బెలూన్లు కట్టిన గదిలో అయిదు నిమిషాలు కూడా ఉండలేకపోతున్నానని, భయపడాల్సిందేమీ లేదని తెలిసినా గుండె దడ తగ్గడం లేదని, ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారని రాశారు. ఇది పోతుందా అని అడిగారు. చాలామందికి పోతుంది. స్పెసిఫిక్ ఫోబియా (ఏదో ఒక్కదాని గురించే ఉండే విపరీతమైన భయం) అనే ఈ రకం భయాలు చికిత్సకు బాగా లొంగుతాయి.

నచ్చజెప్పుకుంటే మాత్రం పోదు. భయపడాల్సిందేమీ లేదని మీకు ముందే తెలుసు కదా. గదిలోంచి బయటపడ్డప్పుడల్లా కలిగే ఆ ఊరటే భయాన్ని పెంచి పోషిస్తుంది. తప్పించుకున్నందుకే గండం గడిచిందని మెదడు లెక్కేసుకుంటుంది.

ముందుగా మీ భయం దేనిగురించో ఒక్క వాక్యంలో రాయండి. ఈ పని చాలామంది చేయరు, అక్కడే దెబ్బతింటారు. లిఫ్టు అంటే భయపడేవాళ్లు ఊహించుకున్న ప్రమాదం దాదాపు ఎప్పుడూ జరగదు. బెలూన్ అలా కాదు, అది నిజంగానే పేలుతుంది. కాబట్టి ‘పేలదులే’ అని నమ్మించుకుంటే మొదటి చప్పుడుకే అంతా మొదటికొస్తుంది. ‘పేలితే నేను తట్టుకోలేను’ అన్నదే మీరు పరీక్షించాల్సిన మాట.

భయాన్ని 0 నుంచి 100 వరకు కొలవండి. ఇది జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు వాడుకలోకి తెచ్చిన కొలత. 30, 40 దగ్గరున్న పనితో మొదలుపెట్టండి. ఊదని బెలూన్‌ని చేత్తో సాగదీయండి. తర్వాత సగం ఊది, ముడి వేయకుండా మూతి పట్టుకుని, కీచుమనిపిస్తూ గాలి వదలండి. ఆ తర్వాత సగం ఊదిన బెలూన్‌కి ముడి వేసి ఒళ్లో పెట్టుకోండి.

పగలగొట్టడం కూడా సగం ఊదినదానితోనే మొదలుపెట్టాలి. బిర్రుగా ఊదితే రబ్బరు ఒకేసారి చాలా చోట్ల చీలి ముక్కలవుతుంది, చప్పుడు పెద్దది. వదులుగా ఉన్నది ఒక్క చీలికతో పోతుంది, చప్పుడూ చిన్నదే. ముఖానికి, చెవికి దూరంగా, చేయి చాపి గుండుసూది గుచ్చండి. గుచ్చే ముందు ‘ఏమవుతుందనుకుంటున్నాను’ అన్నది, అయ్యాక ‘నిజంగా ఏమైంది’ అన్నది పక్కపక్కన రాసుకోండి.

తర్వాత మెట్టు గాలి పెంచడం ఒక్కటే కాదు, సూది ఎవరి చేతిలో ఉందన్నది కూడా. మొదట మీరే గుచ్చాలి. తర్వాత ఇంకొకరు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి గుచ్చాలి. చివరికి లెక్కపెట్టకుండా, మీరు ఒప్పుకున్న అయిదు నిమిషాల్లో ఎప్పుడైనా. అసలు భయం ఉండేది ఈ ఎదురుచూపులోనే, ఇక్కడే ఎక్కువ రోజులు గడపండి. ‘ధైర్యం వస్తుంది’ అంటూ చెప్పకుండా వెనకాల పేల్చేవాళ్లని దయచేసి దగ్గరికి రానివ్వకండి. ఆ ఒక్క పనితో వారాల సాధన పాడవుతుంది.

ఒక మెట్టు రకరకాల గదుల్లో, రకరకాల బెలూన్లతో చేశాకే పైకి వెళ్లండి. దడ పూర్తిగా తగ్గాలని పట్టుబట్టనక్కర్లేదు, దడతోనే ఉండగలిగారన్నది చాలు. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు పరుగెత్తకండి. తట్టుకోలేనంతగా ఉంటే ఒక మెట్టు దిగి అక్కడ ఆగండి. కళ్లు మూసుకోవడం, ఫోన్‌లోకి చూడటం, చెవుల్లో దూది లాంటివి మొదట్లో వాడినా ఒక్కొక్కటిగా తీసేయాలి. లేకపోతే ఆ దూదే కాపాడిందనిపిస్తుంది. సాధనకి ముందు భయం తగ్గించే మాత్ర వేసుకున్నా అదే చిక్కు. అయితే డాక్టర్ రాసిన మందు సొంతంగా ఆపకండి.

రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు ఈ పద్ధతి జోలికి పోకూడదు. గిన్నెల చప్పుడు లాంటి మామూలు శబ్దాలకి కూడా చెవి నొప్పి పుడుతుంటే ముందు చెవి డాక్టర్‌ని కలవండి. ఇక రక్తం, ఇంజెక్షన్ సూది చూస్తే కళ్లు తిరిగే భయం వేరు. అందులో రక్తపోటు పడిపోతుంది కాబట్టి ఒళ్లు వదులు చేయకూడదు, చేతుల, కాళ్ల కండరాలు 10 నుంచి 15 సెకన్లు బిగించి, 20 నుంచి 30 సెకన్లు వదిలి, అలా అయిదుసార్లు చేయాలి.

భయం ఆరు నెలలు దాటి, దానివల్ల ఉద్యోగమో రాకపోకలో మానుకుంటుంటే, భయపెట్టేదాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కొనేలా చేసే చికిత్స (ఎక్స్‌పోజర్ థెరపీ) ఇచ్చే క్లినికల్ సైకాలజిస్టుని కలవండి. స్వీడన్ సైకాలజిస్టు లార్స్-గోరాన్ ఓస్ట్ రూపొందించిన పద్ధతిలో ఈ మెట్లన్నీ మూడు గంటల వరకు సాగే ఒకే విడతలో, పక్కనే ఉండి చేయిస్తారు.