వాచ్‌మన్ మాట వింటుంది, నా మాట వినదు.. తప్పు నాదేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఐదు నెలల కిందట ఓ వీధికుక్క పిల్లను తెచ్చుకున్నాం. ఆడది, ఇప్పుడు 8 నెలలు, 12 కిలోలు. బయటికి తీసుకెళ్తే లాగేస్తుంది. మరో కుక్క కనిపిస్తే ఒకటే మొరుగుడు. ఈమధ్య ఇంట్లోనూ మూత్రం పోస్తోంది. వాచ్‌మన్ ‘సిట్’ అంటే కూర్చుంటుంది, నేనంటే వినిపించనట్టే ఉంటుంది. ఎదురు ఫ్లాట్ వాళ్ల నాలుగేళ్ల గోల్డెన్ రిట్రీవర్ ఎంత బుద్ధిగా నడుస్తుందో! వాళ్లను చూసినా, రీల్స్ చూసినా కుక్కను పెంచడం నాకు చేతకాదేమో అనిపిస్తోంది. నిద్ర పట్టట్లేదు. ఎవరికైనా ఇచ్చేయనా?
– ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది వాచ్‌మన్ సంగతే అనిపిస్తోంది. దానికి కారణం మీ కుక్క వయసు. బ్రిటన్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు 2020లో ఓ అధ్యయనం ప్రచురించారు. ‘సిట్’ అని పెంచేవాళ్లు చెబితే 5 నెలలప్పుడు విన్న కుక్కలు 8 నెలలకు వచ్చేసరికి అంతగా వినలేదు. అదే మాట కొత్తవాళ్లు చెబితే మాత్రం ఆ మొండితనం కనిపించలేదు. అంధులకు దారి చూపడానికి పెంచుతున్న కుక్కపిల్లలవి, వాటిలో లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు కూడా ఉన్నాయి. ఈడొచ్చిన పిల్లలు ఇంట్లోవాళ్ల మీదే ఎదురు తిరిగినట్టు అన్నమాట. ఏడాది దగ్గర పడేసరికి చాలావరకు సర్దుకుంటుంది.

ఇక ఎదురింటి కుక్కతో పోలిక. గోల్డెన్ రిట్రీవర్ 19వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో వేటగాడి పక్కనే నడిచి, పడిన పక్షిని తెచ్చివ్వడానికి పెంచిన జాతి. మన వీధికుక్కలు తరతరాలుగా కొత్తవాళ్లను చూసి మొరిగి బతికినవి. పైగా దానికి నాలుగేళ్లు, మీదానికి 8 నెలలు.

మూత్రం విషయం మాత్రం వాయిదా వేయొద్దు. బయటే పోయడం బాగా అలవాటైన కుక్క మళ్లీ ఇంట్లో పోస్తోందంటే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మొదటిసారి ఎదకు వస్తూ ఉండొచ్చు. ఉదయం తొలి మూత్రం శుభ్రమైన డబ్బాలో పట్టి, రెండు మూడు గంటల్లోపు పశువైద్యుడి దగ్గర పరీక్ష చేయించండి. గర్భసంచి తొలగించే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో కూడా అప్పుడే అడగండి. ఇంట్లో పోసిన చోట ఫినాయిల్‌తో తుడిచినా ఆ వాసన కుక్క ముక్కుకు తెలుస్తూనే ఉంటుంది. ఆ వాసనను విరిచేసే ఎంజైమ్ క్లీనర్ వాడండి.

మొరగడం దగ్గరే మీ ఆందోళన నేరుగా అడ్డొస్తోంది. మరో కుక్కను చూడగానే మీది నోరు మూసుకుంటుంది. చెవులు ముందుకు నిక్కుతాయి, తోక బిగుసుకుంటుంది, ఒంటి బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. ఆ తర్వాతే మొరుగుతుంది. మీకు చిక్కేది మధ్యలో ఉన్న ఆ రెండు మూడు సెకన్లే. సరిగ్గా అప్పుడే ‘వాళ్లేమనుకుంటారో’ అని మీ చూపు ఎదుటివాళ్ల ముఖం మీద ఉంటుంది, చెయ్యి తెలియకుండానే లీష్ బిగిస్తుంది. మెడ బిగిసేసరికి అవతలి కుక్క కనిపిస్తే ఏదో కీడు జరుగుతుందని మీ కుక్క అనుకుంటుంది.

అందుకని కాలర్ బదులు ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ వేయండి. లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్ వద్దు. ఎముకల్లేని చికెన్ ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలు కోయండి. రోజుకు 40 గ్రాములు దాటొద్దు, ఆ మేరకు మామూలు తిండి తగ్గించండి. 20 అడుగుల్లో మొరుగుతుంటే 40 అడుగుల దూరంలో నిలబడండి. అవతలి కుక్క కనిపించగానే ముక్క ఇవ్వండి, కనిపించినంత సేపూ ఇస్తూనే ఉండండి, అది వెళ్లిపోగానే ఆపేయండి. కొన్నాళ్లకు అవతలి కుక్కను చూసి తనంతట తానే మీ ముఖం వైపు తిరుగుతుంది. ఆ చూపు వరసగా నాలుగైదు రోజులు కనిపించాకే దూరం ఐదడుగులు తగ్గించాలి. మొరగడం మొదలయ్యాక చికెన్ మూతి ముందు పెట్టినా పట్టించుకోదు. అప్పుడు తిట్టకుండా వెనక్కి తిరిగి నడవండి. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే మరో కుక్క ఎదురైతే తప్పుకునే చోటుండదు కాబట్టి, వీలైతే కొన్నాళ్లు మెట్లు వాడండి.

‘సిట్’ అభ్యాసం ఇంట్లో, రోజుకు మూడుసార్లు, మూడేసి నిమిషాలు చాలు. మాట ఒక్కసారే అనండి. ‘సిట్, సిట్, సిట్’ అంటూ పోతే నాలుగోసారికి కూర్చోవడమే నేర్చుకుంటుంది.

ఓ చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఎన్ని అడుగుల దూరంలో మొరిగింది, ఎన్నిసార్లు మీవైపు చూసింది, ఇవి చాలు. 14 రోజుల తర్వాత మొదటి పేజీతో పోల్చండి. ఈ రెండు వారాలూ కుక్కల రీల్స్ చూడొద్దు. 30 సెకన్ల వీడియో వెనక ఎన్నిసార్లు తీశారో, ఎంతకాలం నేర్పారో మీకు కనిపించదు.

కుక్కపిల్లను తెచ్చుకున్నాక దిగులు, విసుగు, నీరసం కలగడం మామూలే. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో దీనిమీదే అధ్యయనం చేశారు. ఉదయం నడక మీరు, రాత్రి నడక మీ ఇంట్లో మరొకరు పంచుకోండి. నిద్రలేమి, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇచ్చేయాలా అన్న నిర్ణయం నిద్రలేని రోజుల్లో తీసుకోవద్దు. రెండు నెలలు ఇలా చేసి చూడండి. ఎవరినైనా కరిచినా, కరవబోయినా మాత్రం అంతకాలం ఆగకుండా వెంటనే పశువైద్యుడికి చూపించండి.