చవక ప్లానార్ ఇయర్‌ఫోన్లను పరీక్షించే పద్ధతి: అల్లుడికి ఒక లేఖ

తిరుపతి.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పదివేల రూపాయల లోపు ప్లానార్ ఇయర్‌ఫోన్లు కొనాలనుకుంటున్నావనీ, చిత్తూరులో నీ స్నేహితుల దగ్గర రెండు మూడు రకాలు వినడానికి దొరికాయనీ, వాటిలో మేలైనదాన్ని ఎలా తేల్చుకోవాలో చెప్పమనీ అడిగావు. ఫలానాది కొనమని నేను చెప్పను. ఏం వినాలో, ఏం చూడాలో మాత్రం వివరంగా రాస్తాను. సౌండ్ రికార్డింగ్ పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి, అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే మాట ముందే చెబుతున్నాను: ఒక ఇయర్‌ఫోన్‌ను మరో ఇయర్‌ఫోన్‌తో పోల్చి తీర్పు చెప్పకు, అసలు వాద్యంతో పోల్చు. మన ప్రాంతంలో ఉన్నవాడికి ఆ అవకాశం ఊరికే దొరుకుతుంది. గోవిందరాజస్వామి గుడిలో స్వామివారి సేవ సమయంలో నాదస్వరం, డోలు మైకు లేకుండా దగ్గరగా వినవచ్చు. సంగీత నృత్య కళాశాల ఇక్కడే ఉంది, మహతి కళాక్షేత్రంలో కచేరీలు జరుగుతూనే ఉంటాయి. మైకు లేకుండా విన్న శబ్దం చెవిలో నిలవకముందే ఇయర్‌ఫోన్‌ను పరీక్షించడానికి కూర్చుంటే, ఏది ఎక్కువ మెరిస్తే అదే మంచిదనిపిస్తుంది.

పరికరం పనిచేసే తీరు కొంచెం తెలిసి ఉండాలి. శబ్దం పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటారు. మామూలు డైనమిక్ డ్రైవర్‌లో పొరకు ఒక తీగచుట్ట అతికించి ఉంటుంది, ఆ చుట్ట కదిలితే పొర కదులుతుంది. ప్లానార్‌లో ఆ చుట్ట ఉండదు. అతి పలుచని ప్లాస్టిక్ పొర మీదనే కరెంటు ప్రవహించే సన్నని లోహపు గీతలు పరిచి, పొరకు ఒక పక్కనో రెండు పక్కలానో అయస్కాంతాలను వరసగా నిలుపుతారు. బలం ఒక్కచోట కాక పొర అంతటా దాదాపు సమానంగా పడుతుంది కాబట్టి శబ్దం మొదలయ్యే అంచు స్పష్టంగా ఉంటుంది, ఆగవలసిన చోట త్వరగా ఆగుతుంది, వక్రీకరణ (అసలు శబ్దం చెడి వంకరపోవడం) తక్కువగా ఉంటుంది. అయితే ఇది డ్రైవర్ స్వభావం మాత్రమే. దాని వెనక ఉన్న గాలి గది, గాలి రంధ్రాలు, నాజిల్ (చెవిలోకి వెళ్లే గొట్టం)లోని జాలీ, ఇవన్నీ కలిసి చెవికి చేరే స్వరాన్ని నిర్ణయిస్తాయి. అందుకే ఒకే రకం డ్రైవర్ ఉన్న రెండు ఇయర్‌ఫోన్లు పూర్తిగా వేరుగా పలుకుతాయి.

ఈ జాతి ఇంత చవక కావడం ఇటీవలి సంగతే. 2016లో ఆడిజీ సంస్థ ఐసైన్ పేరుతో చెవిలో పెట్టుకునే ప్లానార్ తెచ్చినప్పుడు దాని ధర వందల డాలర్లలో ఉండేది. 2019లో టిన్ హైఫై పీ1, 2021లో సెవెన్ హెర్ట్జ్ టైమ్‌లెస్, 2022లో లెట్‌షూవర్ ఎస్12 వచ్చాక ధరలు దిగివచ్చాయి. ఆ తరవాత కేజెడ్ వంటి సంస్థలు వాటిని ఇంకా తక్కువ ధరకు అందించాయి. టైమ్‌లెస్‌లో డ్రైవర్ 14.2 మిల్లీమీటర్లు, ఎస్12లో 14.8 మిల్లీమీటర్లు. అంత వెడల్పు డ్రైవర్ పట్టాలంటే షెల్ (పై డొల్ల) కూడా పెద్దదే అవుతుంది. కాబట్టి నీ పరీక్ష ధ్వనితో కాదు, అది చెవిలో కుదురుకోవడంతో మొదలవ్వాలి.

పెట్టెలో వచ్చే మూడు సైజుల టిప్స్‌ను, అంటే చెవిలో దూరే మెత్తని తొడుగులను, విడివిడిగా పెట్టి చూడు. ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి మరో సైజు కుదరడం చాలామందికి మామూలే. టిప్ సరిగా మూసుకోకపోతే బేస్ (కింది స్థాయి శబ్దం) బయటికి జారిపోతుంది. అప్పుడు మిగిలిన ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) గుచ్చుకుంటున్నట్టు ఉంటుంది, తప్పు ఇయర్‌ఫోన్‌దని అనుకుంటావు. పాట నడుస్తుండగా షెల్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కు. బేస్ ఒక్కసారిగా పెరిగితే టిప్ మూసుకోవడం లేదని అర్థం. మరో సంగతి, చెవి కాలువలో ఎంత లోతుకు పెట్టావన్నదాన్ని బట్టి 8 కిలోహెర్ట్జ్ (బాగా పై స్థాయి) పరిసరాల్లో శబ్దం ఎక్కువయ్యే ఒక ఎత్తు పైకో కిందికో జరుగుతుంది. చవక ప్లానార్లలో చాలావాటికి సరిగ్గా ఆ చోటనే పదును ఎక్కువ. కొంచెం లోతుగా కూర్చునే టిప్ పెట్టగానే ఆ పదును తగ్గిన సందర్భాలు ఎన్నో చూశాను. నురగ టిప్స్ కూడా పై స్థాయిని కాస్త మెత్తబరుస్తాయి. టిప్స్ మార్చి చూడకుండా ఏ ఇయర్‌ఫోన్‌నూ కాదనకు. పెట్టుకునేటప్పుడు లోపల చిటపటమన్న చప్పుడు వస్తే గాలి ఒత్తిడికి పలుచని పొర వంగుతున్నదని గ్రహించు. అప్పుడప్పుడు వస్తే పరవాలేదు. పెట్టిన ప్రతిసారీ వస్తూ, ఆ పక్క కాసేపు శబ్దం తగ్గిపోతుంటే మాత్రం ఆ జత వద్దు.

తరవాత శక్తి లెక్క. చాలామంది ఓమ్‌ల అంకె (ఇంపీడెన్స్, అంటే కరెంటుకు ఎంత అడ్డుపడుతుందన్న కొలత) చూసి, 16 ఓమ్‌లే కదా, ఫోన్‌కు సులువే అనుకుంటారు. చూడవలసింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత బిగ్గరగా పలుకుతుందన్న అంకె. ఒకదాని మీద మిల్లీవాట్‌కు 104 డెసిబెల్స్ అనీ, మరోదాని మీద 94 అనీ ఉంటే, అదే బిగ్గరతనానికి రెండోదానికి పది రెట్లు శక్తి కావాలి. 15 ఓమ్‌లు, 94 డెసిబెల్స్ ఉన్న జతలో మృదంగం దెబ్బ ఒకటి 104 డెసిబెల్స్‌కు ఎగరాలంటే 10 మిల్లీవాట్లు, అంటే దాదాపు 0.39 వోల్టు, 26 మిల్లీఆంపియర్లు అందాలి. బలహీనమైన ఫోన్ జాక్ ఆ కరెంటు ఇవ్వలేక ఆ దెబ్బ కొసను అణచివేస్తుంది. ఫోన్‌కు తగిలించే ఒక మంచి చిన్న డాంగిల్ (విడి ఆంప్లిఫైయర్) ఆ పని హాయిగా చేస్తుంది. కొందరు తయారీదారులు మిల్లీవాట్‌కు బదులు వోల్టుకు లెక్కించి రాస్తారు. 16 ఓమ్‌ల దానికి ఆ లెక్కలో అంకె 18 డెసిబెల్స్ ఎక్కువగా కనబడుతుంది కాబట్టి, రెంటినీ ఒకే లెక్కలోకి మార్చుకున్నాకే పోల్చు. ప్లానార్‌లో ఒక సౌకర్యం ఉంది. దాని ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల వద్దా దాదాపు ఒకేలా ఉంటుంది, కాబట్టి పలు ఆర్మేచర్లు (మరో రకం బుల్లి డ్రైవర్లు) ఉన్న ఇయర్‌ఫోన్లలా ఒక్కో ఫోన్‌కు ఒక్కో రకంగా స్వరం మార్చుకోదు.

రెండు జతలను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. కొంచెం బిగ్గరగా ఉన్నదే మెరుగని చెవికి తోస్తుంది, ఒకటి రెండు డెసిబెల్స్ తేడా చాలు. పింక్ నాయిస్ (పరీక్షకు వాడే ఏకధాటి హోరు) పెట్టి రెండూ ఒకే స్థాయిలో వినిపించేలా సరిచేసుకుని, ఆ వాల్యూమ్ అంకెలు కాగితం మీద రాసుకో.

ఇక వినడం. నేను ఎప్పుడూ తంబురాతో మొదలుపెడతాను. తీగ కింద నూలుపోగు సరిగ్గా కుదిరిన తంబురాను మీటితే షడ్జం ఒక్కటే రాదు, దాని మీద పై స్వరాలు ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటాయి. మంద్ర షడ్జం తీగ నుంచి ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది. ఆ గాంధారం నీకు తేటగా వినిపిస్తున్నదా లేదా చూడు. మధ్య స్థాయిని లోపలికి తగ్గించి, కిందా పైనా పెంచిన ఇయర్‌ఫోన్‌లో అది మసకబారుతుంది. ట్రెబుల్‌లో ఎక్కడైనా ఎత్తు ఉంటే పై స్వరాల్లో ఒకటి మాత్రం మిగిలినవాటిని దాటి పొడుచుకొస్తుంది, విచ్చుకోవడంలోని అతుకులేనితనం పోతుంది. గాయకుడు లేని ఉత్త తంబురా శ్రుతి ఐదు నిమిషాలు వింటే, పది పాటల్లో తెలియని దోషం తెలుస్తుంది.

ఆ తరవాత మృదంగం. మృదంగం కుడి ముఖం మీద కరణి (నల్లని పూత) ఉండడం వల్ల దాని పై స్వరాలు శ్రుతికి లొంగి పలుకుతాయని సర్ సీవీ రామన్ 1920లోనే చూపించారు. కాబట్టి చాపు కొట్టినప్పుడు నీకు ఉత్త దెబ్బ కాదు, శ్రుతి వినిపించాలి. ప్లానార్లు సాధారణంగా ఇక్కడ గట్టివి, వేగంగా పడే ఫరన్‌లలో (దెబ్బల వరసల్లో) ఒక్కో వేలి దెబ్బ విడివిడిగా తెలుస్తుంది. వాటి లోపం ఎడమ పక్క బయటపడుతుంది. తొప్పి (ఎడమ ముఖం) మీద గుంకీ (చేతిని జారుస్తూ ఇచ్చే దెబ్బ) ఇచ్చినప్పుడు శబ్దం జారుతూ, గాలిని నింపుతూ కాసేపు నిలవాలి. చాలా ప్లానార్లలో అది శుభ్రంగా మొదలై, నిండుదనం రాకముందే ముగుస్తుంది. బేస్ లోతు వరకు వెళ్తుంది, కానీ బరువు తక్కువ. ఇది కొందరికి శుభ్రత, కొందరికి వెలితి. గుడిలో డోలు దగ్గర నిలబడి విన్నవాడికి వెలితిగానే తోస్తుందని నా అభిప్రాయం. మంచి డైనమిక్ డ్రైవర్ ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ ముందే ఉంది.

గాత్రంలో శ, ష, స లను పట్టి విను. వేంకటేశ్వరుడి మీద కీర్తనల్లో శ్రీకారాలకు కొదవ ఉండదు. ప్రతి శ్రీ దగ్గరా ఈలలాంటి చురుకు వస్తూ, శకారం సకారంలా మారిపోతుంటే పై స్థాయి మితిమీరిందని అర్థం. నాదస్వరం దీనికి ఎదురు పరీక్ష: అది సహజంగానే బిగ్గర వాద్యం కాబట్టి 3 కిలోహెర్ట్జ్ దరిదాపుల ఎత్తు ఎక్కువైతే అరుపుగా మారి, పది నిమిషాలకే వాల్యూమ్ తగ్గించాలనిపిస్తుంది. మరీ తక్కువైతే నాదస్వరం గుడి ప్రాకారం అవతల వాయిస్తున్నట్టు ఉంటుంది.

పాత మోనో రికార్డింగ్ ఒకటి తప్పక పెట్టు. రెండు చానళ్లలోనూ ఉన్నది ఒకటే కాబట్టి గొంతు నుదుటి మధ్యలో కదలకుండా నిలవాలి. పక్కకు లాగితే కేబుల్‌ను షెల్ దగ్గర ఊడదీసి, ఎడమ కుడి మార్చి తగిలించు. లాగడం కూడా పక్క మారితే దోషం కేబుల్‌దో ఫోన్‌దో, మారకపోతే ఇయర్‌ఫోన్‌దో టిప్ కుదరకపోవడమో. చవక వస్తువుల్లో రెండు పక్కల పొందిక తప్పడం సాధారణం. ఒక జతను విని మెచ్చుకున్నా, నువ్వు కొన్న జతను మళ్లీ విడిగా పరీక్షించవలసింది అందుకే.

ఏ స్థాయి ఎంత బిగ్గరగా పలుకుతుందో చూపే కొలత గ్రాఫులు చూడు, కాని వాటిలో పై స్థాయి కొసను నమ్మకు. ఎక్కువమంది వాడే, 711 అని పిలిచే కొలత గొట్టానికి 8 కిలోహెర్ట్జ్ దగ్గర సొంత ప్రతిధ్వని పడేలా ఇయర్‌ఫోన్‌ను అమరుస్తారు. నీ చెవిలో అది వేరేచోట పడుతుంది.

తయారీ విషయానికి వస్తే, ఫోన్ టార్చి వెలుగులో చూడు. షెల్ రెండు ముక్కలు కలిసిన గీత మీద గోరు నడిపితే మెట్టు తగలకూడదు. గాలి రంధ్రంలో జిగురు చిమ్మి ఉండకూడదు. నాజిల్ చివర టిప్‌ను పట్టుకునే అంచు ఉండాలి, లేకపోతే టిప్ చెవిలోనే ఉండిపోతుంది. నాజిల్ జాలీ ఊడిరాకుండా, శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలి, ఎందుకంటే ఒక పక్క శబ్దం తగ్గిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం గుబిలి పట్టిన జాలీయే. కేబుల్ విడదీసేదై ఉండడం తప్పనిసరి. 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నులైతే వదులుగా ఉన్నాయేమో, ఎంఎంసీఎక్స్ (గుండ్రంగా తిరిగే రకం కొన) అయితే తిరుగుతున్నప్పుడు చిటపటలు వస్తున్నాయేమో గమనించు. కేబుల్ చొక్కాకు రాసుకున్న చప్పుడు చెవిలోకి ఎంత వస్తుందో నాలుగు అడుగులు నడిచి చూడు. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చెమట పట్టిన చెవి నుంచి తీసిన ఇయర్‌ఫోన్‌ను తుడవకుండా డబ్బాలో పెట్టి మూయకు. ఒక సిలికా జెల్ పొట్లం అందులో వేసి ఉంచు.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో అన్నీ తేల్చుకున్నాక, నువ్వు నిజంగా వినే చోట కూడా విను. చిత్తూరు, తిరుపతి మధ్య బస్సులోనే నీ వినికిడి ఎక్కువ కదా. ఇంజను గుర్రుమనడం బేస్‌ను మింగేస్తుంది, గాలి రంధ్రాలున్న షెల్ బయటి చప్పుడును పూర్తిగా ఆపలేదు. అక్కడ బేస్ చాలలేదని ఇయర్‌ఫోన్‌ను తప్పుపట్టకు, వాల్యూమ్ కూడా పెంచకు. వక్రీకరణ తక్కువ కాబట్టి ప్లానార్‌లో ఎంత బిగ్గరగా వింటున్నామో తెలియదు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 90 డెసిబెల్స్‌కు చేరితే అది వారానికి 4 గంటలే.

గంటలకొద్దీ వాయించి ఉంచితే పొర సాగి స్వరం మారుతుందని ఎవరైనా చెబితే దాని కోసం ఆగకు. ఎక్కువగా మారేది నీ చెవి అలవాటు. ఆ అలవాటు కోసం ఎదురుచూస్తూ వెనక్కి పంపే గడువు దాటబెట్టుకోకు. మొదటి రెండు రోజుల్లోనే తంబురా, మృదంగం, మోనో రికార్డింగ్ పరీక్షలు ముగించు. మిగిలిన రోజులు మామూలుగా విను. తలనొప్పి, చెవి అంచున నొప్పి వస్తున్నాయేమో చూసుకో. అన్నీ బాగుండి పై పదును ఒక్కటే మిగిలితే ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయిని విడిగా పెంచే, తగ్గించే ఏర్పాటులో) 8 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించు. ప్లానార్లు ఈక్వలైజర్‌కు బాగా లొంగుతాయి. కానీ ఎడమ కుడి పొందిక తప్పినదాన్ని, చెవిలో కుదరనిదాన్ని ఏ ఈక్వలైజరూ బాగుచేయలేదు. అలాంటిదైతే గడువులోగా తిప్పి పంపించు.

ఇట్లు,
మీ మామయ్య