గెట్ టుగెదర్‌కి ఆధార్ ఎందుకండీ?

"మా టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్ కోసం గూగుల్ ఫారమ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నింపినవాళ్లకి మిగతావాళ్ల ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు కనిపిస్తున్నాయట. పైగా ఎవరో నా ప్రశ్నలే మార్చేశారు. హ్యాక్ అయిందంటారా?" అని తెనాలి పాఠకుడొకరు అడిగారు.

హ్యాకూ కాదు, ఏమీ కాదు. ఊరు మారుతుంది, సందర్భం మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే వస్తోంది: నిన్న అపార్ట్‌మెంట్ సంఘం, మొన్న స్కూల్ టూరు, ఇవాళ మీరు.

ప్రశ్నలు మారిపోయాయంటే మీరు గ్రూపులో పెట్టింది ఎడిట్ లింక్ అన్నమాట. మామూలుగా అది బయటివాళ్లకి తెరుచుకోదు, కానీ షేర్ సెట్టింగ్‌లో ఎడిటర్ దగ్గర 'లింక్ ఉన్న ఎవరైనా' అని మీరే పెట్టి ఉంటారు. దాన్ని 'రిస్ట్రిక్టెడ్'కి మార్చి, నింపే లింక్‌ని విడిగా కాపీ చేసి పంపండి. ఇక అందరి వివరాలూ అందరికీ కనిపించడానికి కారణం సెట్టింగ్స్‌లో ప్రెజెంటేషన్ కింద ఉండే 'వ్యూ రిజల్ట్స్ సమ్మరీ'. సమ్మరీ అంటే ఏవో నాలుగు రంగుల చార్టులే కదా అనుకుని ఆన్ చేసేస్తారు, కానీ అది జనం టైప్ చేసిన జవాబుల్ని కూడా వరసబెట్టి చూపిస్తుంది. సగం తప్పు మీదైతే, ఫోన్ నంబర్ల జాబితాకి సమ్మరీ అని పేరు పెట్టిన డిజైన్‌ది మిగతా సగం. ఆఫ్ చేయండి, అయిపోతుంది.

నాకు అసలు టెన్షన్ పెట్టింది మీరు కింద రాసిన ప్రశ్నల జాబితా. పేరు, ఫోన్, భోజనం వెజ్జా నాన్‌వెజ్జా, అంతవరకు బాగుంది. తర్వాత పుట్టిన తేదీ, పెళ్లిరోజు, బ్లడ్ గ్రూప్, చివర్లో 'ఆధార్ రెండువైపులా ఫోటో అప్‌లోడ్ చేయండి'. రిసార్ట్ వాళ్లు అడుగుతారని పెట్టానన్నారు. రిసార్ట్ వాళ్లకి కావాలంటే కౌంటర్ దగ్గర ఎవరిది వాళ్లు చూపిస్తారు, మధ్యలో మీ దగ్గర అందరి ఆధార్లూ ఎందుకు? ముందే పంపాల్సిందేనని వాళ్లు పట్టుబడితే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

ఆ ఫోటోలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఫారమ్‌లో వచ్చిన అప్‌లోడ్లన్నీ మీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పడతాయి, అదీ మీ మెయిల్‌కీ ఫోటోలకీ కలిపి ఇచ్చిన 15 జీబీలోంచే. జవాబులు ఫారమ్‌లో ఒక కాపీ, గూగుల్ షీట్‌కి లింక్ చేస్తే అక్కడ ఇంకో కాపీ. ఫారమ్‌లో జవాబు డిలీట్ చేసినంత మాత్రాన షీట్‌లోది పోదు, చాలామందికి ఈ సంగతే తెలియదు. ఆ షీట్‌ని కమిటీలో నలుగురికి చూపించడానికి 'లింక్ ఉన్న ఎవరైనా' అని పెడతారు, ఆ లింక్ ఎటు పోతుందో ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఒకాయన దాన్ని ఎక్సెల్‌గా దించుకుని ఫోన్‌లో ఉంచుకుంటాడు. ఈ మధ్య చవక ఫోన్లలో కంపెనీ వాళ్లే ముందుగా వేసి పంపే ఫైల్ మేనేజర్లు ఉంటున్నాయి కదా, ప్రకటనలు చూపించడానికే పుట్టినట్టుంటాయి, ఏ ఫైల్‌ని ఎక్కడికి బ్యాకప్ చేస్తున్నాయో సామాన్యుడికి అంతుపట్టదు. గెట్ టుగెదర్ అయిపోయి ఏడాది దాటినా ఆ ఎక్సెల్ అలాగే ఉంటుంది. పేరు, ఫోన్, పుట్టిన తేదీ, ఆధార్ ఒకే వరసలో దొరికితే మోసగాడికి ఇంకేం కావాలి? ఫోన్ చేసి మీ పుట్టిన తేదీ వాడే చెప్పి 'బ్యాంకు నుంచి' అంటే ఎవరైనా సగం నమ్మేస్తారు.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 కూడా చెప్పిన పనికి ఎంత అవసరమో అంత డేటానే తీసుకోమంటుంది. అది మీ టెన్త్ బ్యాచ్‌కి వర్తిస్తుందా లేదా అన్నది లాయర్లు తేల్చుకోనీ, లెక్క మాత్రం సరైనదే. అప్‌లోడ్ ప్రశ్న తీసేయండి, ఫోల్డర్ డిలీట్ చేయండి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే 30 రోజులు అక్కడే ఉంటుంది. షీట్‌లో వరసలు వేరుగా తీసేయాలి. దించుకున్న ఎక్సెల్ తీసేయమని కమిటీ వాళ్లకి మీరే ఫోన్ చేయాలి, దానికి సెట్టింగేమీ లేదు.

ఇంకొకరు వరంగల్ నుంచి: "కేవైసీ అప్‌డేట్ అంటూ గూగుల్ ఫారమ్ లింక్ వచ్చింది. అడ్రస్ గూగుల్‌దే, తాళం గుర్తు కూడా ఉంది. నింపొచ్చా?" వద్దు. సైట్ గూగుల్‌దే, అడుగుతున్నది ఎవడో. జీమెయిల్ ఉన్న ఎవరైనా బ్యాంకు లోగో అతికించి ఐదు నిమిషాల్లో అలాంటిది తయారుచేస్తారు. ఫారమ్ అడుగున, ఇందులో ఉన్నది మేం తయారుచేసింది కాదని, పాస్‌వర్డ్‌లు ఇవ్వొద్దని గూగులే రాస్తుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇప్పటికే నింపేసి డబ్బు పోయి ఉంటే, ఈ జవాబు తర్వాత చదవండి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మూడోది, బాపట్ల నుంచి ఒక టీచర్ గారు నింపగలిగే పీడీఎఫ్ ఎలా తయారుచేయాలని అడిగారు. చెబుతా కానీ ముందు ఒక మాట. మీరు ఏ ఫారమ్ చేసినా దయచేసి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు పెట్టకండి. మనలో చాలామందికి ఇంటిపేరు ముందొస్తుంది, అదీ ఒకటో రెండో అక్షరాల్లో కుదించి రాస్తాం. ఆ గళ్ల ముందు కూర్చున్న మనిషి ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొట్టి అక్షరాలతో నింపుతాడు, తర్వాత పాన్‌లో పేరు ఆధార్‌తో కలవలేదని ఏళ్ల తరబడి మీ సేవ చుట్టూ తిరుగుతాడు. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడగండి, ఇంటిపేరుతో పిలిపించుకుంటున్నవాళ్లు ఎందరో. ఎవరో పరాయి దేశంలో వాళ్ల పేర్లకి తగ్గట్టు గీసుకున్న గళ్లని మన ఆఫీసులు కూడా అలాగే దించేశాయి. 'పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టు' అని ఒక్క గడి పెడితే సరిపోయేదానికి.

టీచర్ గారూ, వర్డ్ లాంటిదే లిబ్రేఆఫీస్ రైటర్ అని ఉంది, అందులో ఫారమ్ గళ్లు పెట్టి, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'క్రియేట్ పీడీఎఫ్ ఫారమ్' టిక్ చేయండి. ఉచితమే. కాకపోతే ఆ గళ్లలో తెలుగు టైప్ చేస్తే కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి, ఫోన్లో కొన్ని యాప్‌లలో గళ్లు అసలు తెరుచుకోవు. పిల్లల తల్లిదండ్రులు తెలుగులో, ఫోన్లో నింపాల్సిందైతే పీడీఎఫ్ మానేసి ఆన్‌లైన్ ఫారమే పెట్టండి.