షార్ట్‌కోడ్ ఉన్న పేజీలోనే ప్లగిన్ స్క్రిప్టులు లోడ్ కావాలంటే హ్యాజ్ షార్ట్‌కోడ్ తనిఖీ చాలా?

మీరడిగింది ఇదీ: వర్డ్‌ప్రెస్‌కి చిన్న ప్లగిన్ రాస్తున్నారు. దాని జావాస్క్రిప్టూ సీఎస్ఎస్సూ సైటంతా లోడ్ కాకూడదు, షార్ట్‌కోడ్ (పేజీలో ప్లగిన్ సరుకు కనిపించాల్సిన చోట చదరపు బ్రాకెట్లలో రాసే చిన్న మాట) పెట్టిన పేజీలోనే రావాలి. అందుకు హ్యాజ్ షార్ట్‌కోడ్ అనే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్‌తో తనిఖీ చేస్తే సరిపోతుందా అని.

సరిపోదండి. పేజీలో ఏముందో ముందే ఊహించే పని అసలు పెట్టుకోకండి. షార్ట్‌కోడ్ ఫంక్షన్ నడిచిందంటే అది పేజీలో ఉన్నట్టే. ఎన్‌క్యూ, అంటే ఈ ఫైలుని పేజీకి పంపమని వర్డ్‌ప్రెస్‌కి చెప్పడం, ఆ ఫంక్షన్ లోపలే చెయ్యండి. కోడ్ మాత్రమే కావాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. మిగతాది నా గోడు.

మాది అమలాపురం దగ్గర. కొబ్బరి వ్యాపారులకీ, భీమవరం వైపు రొయ్యల మేత డీలర్లకీ, కడియం నర్సరీలకీ సైట్లు చేసి పెడుతుంటాను. కడియపులంకలో నర్సరీ ఉన్నాయన ఒకరు వరసకి మావయ్య అవుతారు. ఆయన సైటు నేను చేసింది కాదు, సిటీలో ఎవరో ఏజెన్సీవాళ్ళు చేశారు. ఓ రోజు ఫోన్ చేసి, "ఒరే అల్లుడూ, గులాబీల పేజీ నొక్కి, ఓ మడికి నీళ్ళు పెట్టొచ్చి చూస్తే అప్పటికీ తెల్లగానే ఉందిరా. ఓసారి వచ్చి చూడు" అన్నారు. రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి వెళ్ళాను.

షేడ్ నెట్ కింద బోర్లించిన సిమెంటు కుండీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆయన ఫోన్ హాట్‌స్పాట్‌తోనే చూశాను. కావాలనే అలా చూశాను. ఆఫీసులో ఫైబర్ మీద కూర్చుని "మా దగ్గర బాగానే ఉందండి" అనే జనానికి ఈ నర్సరీల మధ్య సిగ్నల్ ఎలా ఉంటుందో తెలీదు. మొక్కలు కొనేవాడు చూసేది లారీ పక్కన నిలబడి, చేతిలో ఉన్న ఫోన్లోనే.

గులాబీల పేజీలో ఉండాల్సింది ఏంటి? ఫొటోలు, ధరలు, వాట్సాప్ బటన్. క్రోమ్‌లో నెట్‌వర్క్ ప్యానెల్ తెరిచి చూస్తే తేదీ ఎంచుకునే క్యాలెండర్ లైబ్రరీ, ఊళ్ళ పేర్లు వెతికే డ్రాప్‌డౌన్ లైబ్రరీ, మ్యాప్ స్క్రిప్టు, క్యాప్చా, వీటన్నిటి స్టైల్‌షీట్లు, అది చాలదన్నట్టు జేక్వెరీ అనే జావాస్క్రిప్టు లైబ్రరీ రెండు కాపీలు. ఇదంతా "లారీ కిరాయి లెక్క" అనే ప్లగిన్ సామాను. మొక్కలు ఎన్ని, ఏ ఊరికి అని కొడితే కిరాయి ఎంతవుతుందో చెప్పే చిన్న ఫారం అది. ఉండేది ఒకే ఒక్క పేజీలో.

కవరేజ్ ట్యాబ్ కూడా తెరిచాను. దిగిన ఫైల్లో వాడని భాగాన్ని అది ఎర్రగీతగా చూపిస్తుంది. క్యాలెండర్ ఫైలు ఎదురుగా గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఎరుపే.

"ఆ ఎర్రదంతా ఏంట్రా?" అన్నారు మావయ్య.

"మీ కస్టమరు డబ్బులెట్టి డౌన్‌లోడ్ చేసుకుని, వాడకుండా పారేసేది."

"కిరాయి లెక్క సామాను గులాబీల పేజీకి ఎందుకు పంపుతున్నట్టు మరి?"

ఆ ఏజెన్సీవాళ్ళు అడగాల్సిన ప్రశ్న అది. ప్లగిన్ ఫైలు తెరిస్తే జవాబు దొరికింది. మొదట్లో వాళ్ళూ హ్యాజ్ షార్ట్‌కోడ్ షరతు పెట్టారు. తర్వాత ఆ లైను కామెంటులో పెట్టేసి, పైన "క్లయింట్ కంప్లయింట్ వల్ల తీసేశాం" అని రాసుకున్నారు. ఏం కంప్లయింటు మావయ్యా అంటే ఆయనకి గుర్తొచ్చింది. ఆ కిరాయి ఫారం అన్ని పేజీల కిందా ఉంటే బాగుంటుందని ఒకప్పుడు ఫుటర్ విడ్జెట్లో పెట్టించారట. ఫారం కనిపించింది, బటన్ మాత్రం పనిచెయ్యలేదు. ఒడిశా వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి "ఎంత నొక్కినా ఏమీ రావట్లేదు" అన్నాడట. ఏజెన్సీవాళ్ళు చేసిన మరమ్మతు, షరతు తీసేసి అంతా అన్ని పేజీలకీ పంపెయ్యడం. తర్వాత ఫుటర్లోంచి ఫారం తీసేశారు గానీ స్క్రిప్టులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

బటన్ ఎందుకు చచ్చిందంటే, హ్యాజ్ షార్ట్‌కోడ్ మీరిచ్చిన టెక్స్టులో మాత్రమే వెతుకుతుంది. అందరూ దానికి ఇచ్చేది పోస్ట్ కంటెంట్. విడ్జెట్లో ఉన్న షార్ట్‌కోడ్ అందులో ఉండదు. థీమ్ టెంప్లేట్లో డూ షార్ట్‌కోడ్ అని పిలిచినదీ ఉండదు. కొన్ని పేజ్ బిల్డర్లు అసలు సరుకంతా పోస్ట్ మెటాలో (పోస్టుకి తగిలించి విడిగా ఉంచే సమాచారంలో) దాస్తాయి, అదీ దొరకదు. ఆర్కైవ్ పేజీలో, 404 పేజీలో గ్లోబల్ పోస్ట్, అంటే వర్డ్‌ప్రెస్ ఆ క్షణాన చేతిలో పట్టుకున్న పోస్టు, మీరనుకున్నది కాకపోవచ్చు, అసలు లేకపోనూవచ్చు. 2013లో 3.6 వెర్షన్‌తో వచ్చిన ఫంక్షన్ అది, దాని పని అది బాగానే చేస్తుంది. దాని చేత జాతకం చెప్పించాలని చూడటమే తప్పు.

నేను చేసింది పెద్ద విద్యేం కాదు. డబ్ల్యూపీ ఎన్‌క్యూ స్క్రిప్ట్స్ హుక్‌లో (హుక్ అంటే వర్డ్‌ప్రెస్ పని మధ్యలో మన కోడ్ తగిలించే చోటు) స్క్రిప్టునీ స్టైలునీ రిజిస్టర్ మాత్రమే చేశాను. రిజిస్టర్ అంటే వర్డ్‌ప్రెస్‌కి పేరూ దారీ చెప్పి ఉంచడమే, బ్రౌజర్‌కి ఒక్క బైటు కూడా వెళ్ళదు. ఎన్‌క్యూ లైనేమో షార్ట్‌కోడ్ కాల్‌బ్యాక్‌లో, అంటే ఇందాక చెప్పిన షార్ట్‌కోడ్ ఫంక్షన్‌లో, మొట్టమొదట పెట్టాను. 2011లో వచ్చిన 3.3 నుంచీ పేజీ మధ్యలో ఎన్‌క్యూ చేసినా స్క్రిప్టు ఫుటర్లో వచ్చేస్తుంది. విడ్జెట్లో పెట్టండి, టెంప్లేట్లో పెట్టండి, ఫారం ఎక్కడుంటే స్క్రిప్టు అక్కడికొస్తుంది. ఒక్క జాగ్రత్త: షార్ట్‌కోడ్ అవుట్‌పుట్‌ని ట్రాన్సియెంట్లో (వర్డ్‌ప్రెస్ తాత్కాలిక నిల్వలో) దాచుకుంటున్నట్టయితే, దాచినది తిరిగిచ్చే లైనుకి పైనే ఎన్‌క్యూ ఉండాలి. లేకపోతే మొదటిసారి పనిచేసి రెండోసారి నుంచి చెయ్యదు, మీరేమో బ్రౌజర్ క్యాష్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

సీఎస్ఎస్ దగ్గర కొంచెం పేచీ ఉంది. పాత తరహా థీముల్లో షార్ట్‌కోడ్ నడిచే వేళకి హెడ్ భాగం వెళ్ళిపోయి ఉంటుంది. 2025లో వచ్చిన 6.9కి ముందు వెర్షన్లలో, అప్పుడు ఎన్‌క్యూ చేసిన స్టైలు పేజీ అడుగున పడుతుంది, ఫారం ఓ క్షణం బట్టల్లేకుండా కనబడి తర్వాత ముస్తాబవుతుంది. హ్యాజ్ షార్ట్‌కోడ్‌ని ఇక్కడ వాడండి, తప్పులేదు. ఈజ్ సింగ్యులర్ (ఒకే పోస్టో పేజీయో చూపిస్తున్న చోటు) అయ్యి, కంటెంటులో షార్ట్‌కోడ్ కనిపిస్తే స్టైలుని ముందే హెడ్‌లోకి పంపండి. కనిపించకపోతే కాల్‌బ్యాక్ ఎలాగూ ఉంది. రెండుసార్లు ఎన్‌క్యూ చేసినా హ్యాండిల్ (రిజిస్టర్ చేసిన పేరు) ఒకటే కాబట్టి ఫైలు ఒకసారే వస్తుంది. టెంప్లేట్లు కూడా బ్లాకులతోనే కట్టే బ్లాక్ థీముల్లో ఈ బాధే లేదు. అక్కడ టెంప్లేట్ మొత్తం ముందు తయారయ్యాకే హెడ్ బయటికొస్తుంది కాబట్టి కాల్‌బ్యాక్‌లో ఎన్‌క్యూ చేసిన స్టైలు కూడా హెడ్‌లోకే వెళుతుంది. కొత్తగా రాసేవాళ్ళయితే షార్ట్‌కోడ్ బదులు బ్లాకే రాయండి. బ్లాక్ జేసన్ ఫైల్లో వ్యూ స్క్రిప్ట్ అని రాస్తే, బ్లాక్ ఉన్న పేజీకే అది వెళ్ళేలా వర్డ్‌ప్రెస్సే చూసుకుంటుంది.

ఇంకో మాట, ఈ షరతులన్నీ ఇనిట్ హుక్‌లో పెట్టకండి. ఈజ్ పేజ్ లాంటివి క్వెరీ (ఏ పేజీ అడిగారో వర్డ్‌ప్రెస్ వెతికే పని) నడిచాకే నిజం చెబుతాయి. ఇనిట్ దగ్గర అడిగితే ఎప్పుడూ కాదనే అంటాయి.

రెండో జేక్వెరీ సంగతి చెప్పలేదు కదూ. కిరాయి ప్లగిన్ వర్డ్‌ప్రెస్‌తో వచ్చే జేక్వెరీని డీరిజిస్టర్ చేసి, బయటి సర్వర్ నుంచి పాత కాపీ తెచ్చి పెట్టింది. మొక్కల ఫొటో గ్యాలరీ వేరే ప్లగిన్. అదేమో దానికి కావాల్సిన కాపీ అది వెంట తెచ్చుకుంది. ఎవడు చివర్లో లోడ్ అయితే వాడిదే రాజ్యం. ఓ రోజు ఫొటో నొక్కితే పెద్దదవుతుంది, ఇంకో రోజు కాదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. డిపెండెన్సీల్లో (మన స్క్రిప్టుకి ముందు కావాల్సినవాటి జాబితాలో) జేక్వెరీ అని ఒక్క మాట రాస్తే వర్డ్‌ప్రెస్సే తెచ్చిపెడుతుంది కదా. ఆ ఫారంకి అసలు జేక్వెరీయే అక్కర్లేదు, మామూలు జావాస్క్రిప్టుతో మళ్ళీ రాసేశాను. తేదీకి బ్రౌజర్లో ఉన్న డేట్ ఇన్‌పుట్ చాలు. ఆ క్యాలెండర్ లైబ్రరీ దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాదు. 6.3 వచ్చాక, అంటే 2023 నుంచి, ఎన్‌క్యూలోనే డిఫర్ (పేజీ చదవడం అయ్యాకే స్క్రిప్టు నడపమనడం) అని చెప్పే వీలుంది. అదీ పెట్టాను.

అడ్మిన్ వైపు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. అడ్మిన్ ఎన్‌క్యూ స్క్రిప్ట్స్ హుక్ మీకు హుక్ సఫిక్స్, అంటే ఇప్పుడు తెరిచిన అడ్మిన్ పేజీ గుర్తు, ఇస్తుంది, మీ సెట్టింగ్స్ పేజీ కాకపోతే వెనక్కి తిరిగొచ్చెయ్యమని అందరూ రాస్తారు. దాన్ని చేత్తో రాసిన స్ట్రింగ్‌తో పోల్చకండి. సబ్‌మెనూ పేజీ సఫిక్స్‌లో తల్లి మెనూ పేరు కలుస్తుంది. మెనూ పేరు అనువాదమైతే సఫిక్స్ కూడా మారుతుంది. మావయ్య డ్యాష్‌బోర్డు తెలుగులో పెట్టుకున్నారు, కిరాయి ప్లగిన్‌కి మెనూ పేర్లు తెలుగు చేసి పెట్టారు. అంతే, సెట్టింగ్స్ పేజీలో రంగులూ పోయాయి, సేవ్ బటనూ పోయింది. ఇంగ్లీషుకి మారిస్తే అన్నీ వచ్చేవి. "తెలుగంటే కంప్యూటర్‌కి పడదేమోరా" అని ఆయన అనుకుంటున్నారు. పడకేం! యాడ్ సబ్‌మెనూ పేజ్ ఫంక్షన్ తిరిగిచ్చే విలువని దాచుకుని దాంతో పోల్చాలి. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి బయటికి వదిలే ప్లగిన్లతో మనవాళ్ళు పడే పాట్లలో ఇదొకటి.

స్పీడ్ ప్లగిన్ల మీద కూడా నాకు కోపముంది. సైటు నెమ్మదిస్తే ఒకటి వేస్తారు, అది చాలక ఏ పేజీలో ఏ స్క్రిప్టు ఆపాలో టిక్కులు పెట్టే ఇంకోటి వేస్తారు. కొత్త పేజీ చేసిన ప్రతిసారీ ఆ టిక్కులు ఎవరు చూస్తారు? మొక్కలు అమ్ముకునే మనిషా? స్క్రిప్టు రాసినవాడు ఒక లైను సరైన చోట పెడితే తీరేదాన్ని సైటు యజమాని నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. మావయ్య సైటులోనూ ఉన్న ఆ రెండు ప్లగిన్లూ కూడా అక్కడే తీసేశాను. గులాబీల పేజీ అదే ఫోన్ మీద, అదే షేడ్ నెట్ కింద, మావయ్య చేతిలో గొట్టం ఉండగానే తెరుచుకుంది.

చివరిగా, నేను చెప్పిన పద్ధతి పనిచెయ్యని చోటు ఒకటుంది. పేజీ లోడ్ అయ్యాక అజాక్స్‌తో (పేజీ మళ్ళీ తెరవకుండానే సర్వర్ నుంచి తెప్పించే పద్ధతితో), పాపప్‌లోనో ట్యాబ్‌లోనో షార్ట్‌కోడ్ తెప్పిస్తుంటే కాల్‌బ్యాక్ నడిచేది వేరే రిక్వెస్టులో. ఎన్‌క్యూ చేసినా అప్పటికే తెరిచి ఉన్న పేజీకి ఏమీ చేరదు. అప్పుడు పాపప్ బటన్ గీసే ఫంక్షన్‌లో ఎన్‌క్యూ చెయ్యాలి. మీది అలాంటిదైతే ఆ బటన్ ఎక్కడి నుంచి వస్తుందో కింద రాయండి, చూసి చెబుతాను.