వయసు మళ్లిన గుడ్ల కోళ్లలో అండవాహిక (గుడ్డు తయారై బయటికొచ్చే గొట్టం) వాపు తగ్గాలంటే ఏం చేయాలి?

మందుల కంటే ముందు లిట్టర్ (నేలపై పరిచే పొట్టు) పొడిగా, గుడ్లు పెట్టే గూళ్లు శుభ్రంగా ఉంచాలి, కోళ్లకు కొవ్వు పట్టనివ్వకూడదు. ఎందుకంటే కోడికి రెట్టా గుడ్డూ బయటికొచ్చే ద్వారం ఒక్కటే. వయసుతో గుడ్డు సైజు పెరుగుతుంది, ఆ ద్వారం కండరాలు వదులవుతాయి, రెట్టలోని ఈ-కోలై బ్యాక్టీరియా అండవాహికలోకి పాకి వాపు తెస్తుంది. ఉదాహరణకు, కొవ్వు పట్టిన కోడి పెద్ద గుడ్డు కోసం ముక్కినప్పుడు లోపలి ఎర్రటి పొర బయటికి పొడుచుకొస్తుంది. దానికి తడి లిట్టర్ అంటుకుంటుంది. పాపం, తోటి కోళ్లు పొడుస్తాయి కూడా. యాంటీబయాటిక్ వేస్తే చాలని చాలామంది అనుకుంటారు. కానీ అండవాహికలో చేరిన చీము జున్నులా గట్టిపడి, కోస్తే ఉల్లిపాయ పొరల్లా కనిపించే ముద్దగా మారాక మందు లోపలికి సరిగా చేరదు.