ఇంకు ఎండిపోతోందా? ముందు స్విచ్ బోర్డు సంగతి చూడండి

ప్రశ్న: సార్, పిల్లల ప్రాజెక్టు వర్కుల కోసం చిన్న ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాం. నలుపుకొకటి, రంగులకొకటి కార్ట్రిడ్జ్ ఉంటుంది. వేసవి సెలవుల్లో దాని జోలికి వెళ్లలేదు. బడి తెరిచాక చూస్తే నలుపు గీతలు గీతలుగా వస్తోంది, గులాబీ రంగు అసలే లేదు. ఇంకు మాత్రం సగం ఉన్నట్టు చూపిస్తోంది. ఏటా ఇదే తంతు. కొత్తవి కొనడం తప్ప దారి లేదా? (ఖమ్మం నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: ముందు నాదొక ప్రశ్న. ప్రింట్ తీశాక ప్రింటర్ ఎలా ఆపుతున్నారు? మనలో చాలామంది టీవీ ఆపినట్టే గోడ మీది స్విచ్ టక్కున నొక్కేస్తాం. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ప్రింటర్ మీదున్న పవర్ బటన్ నొక్కితే కార్ట్రిడ్జ్‌లు ఒక పక్కకు జరిగి రబ్బరు మూత మీద కూర్చుంటాయి. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టన్నమాట. ఆ కిర్రు కిర్రు చప్పుడు ఆగి, లైటు ఆరిపోయాకే ప్లగ్గు దగ్గర ఆపాలి. మధ్యలో కరెంటు తీసేస్తే అవి ఎక్కడివక్కడే నోరు తెరుచుకుని ఉండిపోతాయి. ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అది బయటికొచ్చే రంధ్రాలు, అంటే నాజిళ్లేమో వెంట్రుక కన్నా సన్నం. 40 డిగ్రీలు దాటే ఖమ్మం ఎండల్లో నీరు ఆవిరై, మిగిలిన రంగు ఆ రంధ్రాలకు బిరడాలా పట్టేస్తుంది.

ఓ వేసవిలో నాకూ ఇది అనుభవమైంది. ప్రింట్ సగంలో ఉండగా కరెంటు పోయింది, నేను అలాగే వదిలేసి ఊరెళ్లాను. నాలుగు రోజుల తర్వాత వచ్చి చూస్తే నలుపు రంగు చుక్క పడలేదు. అప్పటి నుంచి కరెంటు వచ్చాక ఒకసారి ఆన్ చేసి, మళ్లీ బటన్‌తోనే ఆపుతున్నాను.

సగం చూపిస్తున్న ఇంకు సంగతికొస్తే, మీలాంటి ప్రింటర్లలో ఆ బొమ్మ లోపలికి తొంగి చూసి చెప్పేది కాదు. ఇప్పటిదాకా ఎన్ని చుక్కలు వదిలిందో లెక్కకట్టి వేసే అంచనా. ఎండిపోయిన సంగతి దానికి తెలియదు.

ఇప్పుడు పారేయకండి. హెచ్‌పీ 678, 803, కెనాన్ 745, 746 లాంటి కార్ట్రిడ్జ్‌లకు హెడ్, అంటే నాజిళ్లుండే భాగం, వాటికే అంటుకుని ఉంటుంది, కాబట్టి ఇంట్లోనే ఓ ప్రయత్నం చేయొచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చేసి సాసర్‌లో పల్చగా పోయండి. బోరు నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. కార్ట్రిడ్జ్ అడుగున నాజిళ్లున్న పట్టీ మాత్రమే తడిసేలా రెండు నిమిషాలు ఆనించండి. కరెంటు అందే రాగి రంగు చుక్కల వైపు తడి తగలకూడదు, వేలూ పెట్టొద్దు. తర్వాత మడతపెట్టిన టిష్యూ మీద రుద్దకుండా అద్దండి. రంగుల కార్ట్రిడ్జ్ అయితే టిష్యూ మీద నీలం, గులాబీ, పసుపు మూడూ పక్కపక్కన పడాలి. మొదట మురికిగా కలిసిపోయి కనిపిస్తాయి, మూడు నాలుగు సార్లు అద్దాక విడివిడిగా తేలతాయి. మీరు రాని గులాబీ కోసమే చూస్తారు కదా, అది పడిన క్షణం నిజంగానే భలే హాయిగా ఉంటుంది. అయినా రాకపోతే ఆ కార్ట్రిడ్జ్ పని అయిపోయినట్టే. కొత్తది వేస్తే హెడ్ కూడా కొత్తదే వస్తుంది, ప్రింటర్ మార్చక్కర్లేదు.

ఇకపై వారానికొక రంగుల పేజీ తీయండి. ఉత్త నలుపు అక్షరాల పేజీ తీస్తే రంగుల నాజిళ్లకు పని ఉండదు. బొమ్మలేవీ లేకపోతే ప్రింటర్ మెనూలో నాజిల్ చెక్ లాంటి పరీక్ష పేజీ ఉంటుంది, చాలా కొద్ది ఇంకుతో అయిపోతుంది. ఆదివారం ఆ పని పిల్లలకు అప్పగించండి, పోటీపడి చేస్తారు. సెలవుల్లో ఊరెళ్తే కార్ట్రిడ్జ్‌లు బయటికి తీయకండి, బటన్‌తో ఆపి లోపలే ఉంచడం మేలు. ప్రింటర్‌ను ఎండపడే కిటికీ పక్కన, ఏసీ గాలి కొట్టేచోట పెట్టొద్దు.

ఇంకోటి. ఇంకు అయిపోయిందని తెలిశాక కూడా చివరి చుక్కదాకా లాగకండి. ఈ రకం హెడ్‌లో బుల్లి హీటర్లు ఇంకును మరిగించి, ఆ బుడగతో చుక్కను బయటికి నెడతాయి. ఇంకు లేకుండా నడిస్తే హీటర్లే మాడిపోతాయి, ఇక రీఫిల్ చేయించినా లాభం ఉండదు.

ప్రశ్న: నాది ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్. పసుపు రావట్లేదని హెడ్ క్లీనింగ్ వరసగా ఆరు సార్లు చేశాను. ట్యాంకు తగ్గుతోంది కానీ పసుపు రావట్లేదు. టెన్షన్‌గా ఉంది. (రాజమండ్రి నుంచి ఓ విద్యార్థి)

జవాబు: ఆపేయండి. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ ఇంకు లోపలి స్పాంజి ప్యాడ్‌లోకి పోతుంది, అది నిండితే అదో ఖర్చు. మూడు సార్లకు మించి చేయకుండా, కనీసం 12 గంటలు ప్రింట్ తీయకుండా ఉంచి మళ్లీ నాజిల్ చెక్ చేయమని ఎప్సన్ మాన్యువలే చెబుతోంది. ఆ విరామంలో లోపలి గాలి బుడగలు సర్దుకునే అవకాశం ఉంది. అప్పటికీ రాకపోతే ఇంకా గట్టిగా శుభ్రం చేసే పవర్ క్లీనింగ్ ఒక్కసారి చేయండి, అదీ ప్రతి ట్యాంకులో మూడో వంతు ఇంకైనా ఉంటేనే. మీ ప్రింటర్‌లో హెడ్ మెషీన్‌కే బిగించి ఉంటుంది, కాబట్టి సాసర్ వైద్యం పనికిరాదు. సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

ప్రశ్న: కొత్త కార్ట్రిడ్జ్ ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు వస్తుందా?

జవాబు: రాదు. చల్లటిది బయటికి తీయగానే తేమ పడుతుంది, ఇంకు గడ్డకడితే అసలుకే మోసం. సీలు విప్పకుండా బీరువాలో పెట్టండి, డబ్బా మీది తేదీలోపు వాడేయండి.

ప్రశ్న: నెలకు రెండు మూడు పేజీలు, ఆధార్ కాపీలు, టికెట్లు. మంచి ఇంక్‌జెట్ చెప్పండి.

జవాబు: చెప్పను. మీ వాడకానికి ఇంక్‌జెట్ కొంటే తీసే ప్రింట్ల కన్నా ఎండే ఇంకే ఎక్కువ. వీధి చివర జిరాక్స్ షాపు ఉంటే అదే చాలు. ఇంట్లో ఉండి తీరాలంటే నలుపు ఒక్కటే వచ్చే లేజర్ ప్రింటర్ తీసుకోండి. కొనేటప్పుడు ధర ఎక్కువే, కానీ అందులో ఇంకు బదులు వాడే టోనర్ పొడి కదా, ఆరు నెలలు ముట్టకపోయినా ఎండదు.